విమానస్థావర స్మృతులు

యుద్ధము ముగిసిన పిమ్మట నాటి భటులు తమ జ్ఞాపకములను గ్రంథరూపమున వెలువరించుట ఆంగ్లవాఙ్మయమున నొక శాఖగా పెరిగినది. అందు విమానస్థావరములలో పనిచేసినవారి స్మృతులకు ప్రత్యేకలక్షణ మొకటి కలదు. కాలిబంటు యుద్ధభూమిలోనే తిని, అచ్చటనే నిద్రించును. బాంబు విమానములవారి స్థితి వేఱు. ప్రొద్దు గ్రుంకిన పిదప వారు జర్మనీమీదికి పోయి, తెల్లవారకమునుపే తిరిగివచ్చి, తమకొఱకు వేచియున్న కోడిగ్రుడ్ల ఫలహారము తిని, శుభ్రమైన పక్కమీద పండుకొందురు. సెలవు దొరకిన సాయంకాలము సైకిలెక్కి ప్రక్క గ్రామమునకు పోయి పానశాలలో పాటలు పాడుదురు. మఱునాటి రాత్రి మరల మృత్యుముఖము. కావున నీ గ్రంథములను పరీక్షించునపుడు, ఆకాశమున జరిగినదానిని రచయిత యెంత రమ్యముగా వర్ణించెనని కాక, నేలమీద నున్నవారిని అతడెట్లు చూచెనని యడుగుట మేలని మా తలంపు.

1939 మొదలు 1945 వఱకు బ్రిటిషు బాంబర్ కమాండులో ఎగిరినవారు ఇంచుమించు 1,25,000 మంది. వారిలో 55,573 మంది మరణించిరి. సాధారణముగా 30 పర్యాయములు పోయివచ్చినవానికి కొంతకాలము విశ్రాంతి లభించెడిది. ఆ ముప్పదియు పూర్తిచేయువఱకు బ్రదికినవారే నేడు మనకు కథలు చెప్పుచున్నారు. ఈ సంగతి చదువరి యొక్కక్షణమైనను మఱువరాదు.

ఈ శాఖలో మిక్కిలి ప్రసిద్ధిగన్నది గై గిబ్సన్ రచించిన 'ఎనిమీ కోస్ట్ అహెడ్'. 1943 మే 16వ తేది రాత్రి స్కాంప్టన్ స్థావరమునుండి 19 లాంకాస్టర్ విమానములను రూర్ ప్రాంతపు ఆనకట్టలమీదికి నడపిన నాయకుడతడే. ఎనిమిది విమానములు తిరిగిరాలేదు; 53 మంది మడిసిరి. గిబ్సన్ 1944 సెప్టెంబరులో, 26 ఏండ్ల ప్రాయమున నిహతుడయ్యెను. గ్రంథము 1946లో వెలువడెను. యుద్ధము నడచుచుండగానే వ్రాసినది గావున దానిలో వేగము కలదు, ఉత్సాహము కలదు. వెనుదిరిగి చూచు తీరిక లేదు. తెగిన ఆనకట్టక్రింది లోయలో మునిగి చచ్చినవారు వేయిమందికి మించిరి. వారిలో పలువురు జర్మనులు బలవంతముగ తెచ్చి పనిచేయించుచుండిన విదేశస్త్రీలు. ఈ వృత్తాంతమంతయు నా గ్రంథమున వెదకుట న్యాయము కాదు. దానిని పిల్లలకు వీరగాథగా మాత్రమే చదివి వినిపించు పెద్దలు తక్కిన కథను గూడ చెప్పవలసియుండును.

మేము దానికంటె నెక్కువగా మెచ్చుకొనునది ఆస్ట్రేలియా దేశీయుడగు డాన్ చార్ల్‌వుడ్ 1956లో ప్రకటించిన 'నో మూన్ టునైట్'. అతడు లింకన్‌షైరులోని ఎల్షమ్ వోల్డ్స్ స్థావరమున, విమానమునకు దారి గణించు నావిగేటరుగా పనిచేసెను. కెనడాలో తనతో కూడ శిక్షణ పొందిన ఇరువదిమందిలో యుద్ధాంతమున మిగిలినవారు అయిదుగురు. పదేండ్లకు పైగా మనసున నానిన బాధ యగుటచే నిందు పౌరుషపు మాటలు తక్కువ. నిన్నటి మిత్రుడు నేడు భోజనశాలలో కానరాకుండుట, వాని కుర్చీలో క్రొత్తవాడు కూర్చుండుట, ఎవ్వరును ఏమియు అడుగకుండుట, ఇవియే విమానస్థావర జీవితమున నిజమైన యుద్ధవార్తలు. నావిగేటరు చూపు వలెనే అతని వాక్యములును కొలతతప్పనివి.

స్థావరములలో నొక యాచారముండెడిది. తిరిగిరానివాని వస్తువులను సేకరించుటకు ప్రత్యేకముగా కొందఱిని నియమించెడివారు. వారు బట్టలను, పుస్తకములను, గడియారమును లెక్కవ్రాసి, ఇంటివారికి మనఃక్లేశము కలిగించునట్టి ఉత్తరములేవైన నున్న తీసివేసి, శేషించినదానిని మూటగట్టి పంపుదురు. అది దయతో చేసిన పనియే. కాని తల్లికిగాని భార్యకుగాని చేరినది నిజమైన మనిషి కాదు, దిద్దిన మనిషి. పెక్కు స్మృతిగ్రంథములును ఇట్టి మూటలే యని మేము చెప్పక తప్పదు.

తీసివేయబడిన సంగతులలో ముఖ్యమైనదొకటి కలదు. ఇక నెగురలేనని చెప్పినవానిమీద అధికారులు ధైర్యహీనుడను ముద్ర వేసెడివారు. ఎగురువారి చిహ్నమును ఊడదీసి, తక్కినవారి కంటబడకుండ స్థావరమునుండి పంపివేసెడివారు. ఇరువదిసార్లు పోయివచ్చి ఇరువదియొకటవమారు కాలాడనివాడును అందుండవచ్చును. స్మృతికర్తలు వీరినిగూర్చి ఒకటి రెండు వాక్యములు వ్రాసి, జాలిపడి, ప్రక్కకు తొలగుదురు. ముద్రపడినవాడు తానై వ్రాసిన గ్రంథము మా కంటికి కానరాలేదు. వ్రాయుటకు కావలసిన ధైర్యము ఎగురుటకు కావలసినదానికంటె తక్కువదా?

స్త్రీలమాట చెప్పనక్కఱలేదు. 1943లో విమానదళపు స్త్రీశాఖలో 1,82,000 మంది వఱకు నుండిరి. పారాచూటులను మడచినవారు, సిబ్బందిని విమానముకడకు బండిలో చేర్చినవారు, రాత్రియెల్ల రేడియోకడ కూర్చుండి ఏ విమానము బదులు పలుకుటలేదో అందఱికంటె ముందు గ్రహించినవారు వీరే. పురుషుల గ్రంథములలో వీరు నృత్యశాలయందు కానవత్తురు, పనియందు కానరారు. చలిగాలిలో బయలునే యంత్రములను బాగుచేసిన మిస్త్రీలకును ఇదే గతి.

మన భారతమున సౌప్తికపర్వము వెంటనే స్త్రీపర్వముండుట మనమెఱిగినదే. రాత్రివేళ శిబిరమున నిద్రించువారిని వధించినకథ చెప్పిన కవి, తెల్లవారినపిదప ఏడ్చినవారిని విడువలేదు. 1943 జూలై చివర హాంబర్గు నగరముపై జరిగిన దాడులలో 35,000 మందికి పైగా కాలియు, ఊపిరాడకయు చచ్చిరి. పైనుండి చూచినవారికది ఎఱ్ఱని వెలుగు మాత్రమే. వారి స్మృతులును నిజమునకు వెలుగుకంటె నెక్కువ చెప్పజాలవు.

లింకన్ నగరమున 2018లో తెఱవబడిన బాంబర్ కమాండు కేంద్రమువారు ఈ కొఱతను కొంత గుర్తించినట్లున్నారు. అచ్చటి స్మారకస్తంభము ఎత్తు 31.09 మీటర్లు, లాంకాస్టరు రెక్కల వెడల్పు. దానిచుట్టు గోడలపై మృతుల పేర్లు చెక్కించిరి. వారి సంగ్రహమున వైమానికుల మాటలతోపాటు స్త్రీల మాటలును, బాంబులక్రింద నున్న జర్మనులయు, ఇటాలియనులయు మాటలును చేర్చిరి. ఇంట చదువదలచినవారు మొదట చార్ల్‌వుడ్‌ను, పిదప ఈ సంగ్రహమును, కడపట గిబ్సన్‌ను చూచుట మంచిదని మా యభిప్రాయము. ఈ క్రమమున చదివినచో గిబ్సన్ ఉత్సాహమువెనుక నున్న అలసట తేటపడును.