పూత పూసినంతనే పాఠం ముగియరాదు

ఉన్నత పాఠశాలలో స్థానభ్రంశ చర్యకు మనం చూపే ప్రయోగం అందరికీ తెలిసినదే. మైలుతుత్తపు ద్రావణంలో ఇనుప మేకు ఉంచగానే దానిపై ఎర్రని రాగి పొర ఏర్పడుతుంది. సమీకరణం వ్రాయించి పాఠం ముగిస్తాము. ప్రయోగం చవకైనది, కంటికి స్పష్టమైనది. ఆ మేరకు మెచ్చుకొనదగినదే. కాని ఆ మేకును గుడ్డతో గట్టిగా తుడిస్తే రాగి చాలావరకు ఊడివస్తుంది. ఎందుకని పాఠం అడగదు. ఇదే దాని లోపం.

మోస్రాలోనైనా బోధన్‌లోనైనా ఇత్తడి గుండిగకు వేయించిన కళాయి చింతపండు పులుసు మరిగినా, రోజూ తోమినా నెలల తరబడి నిలుస్తుంది. రెండూ లోహపు పూతలే కదా! భేదమెక్కడ?

మేకుపై రాగి చేరుతున్నంతసేపూ అడుగున ఇనుము కరిగిపోతూనే ఉంటుంది. కనుక రాగి తొందరగా, వదులు రేణువులుగా పేరుకొంటుంది. మేకుపై జిడ్డు, తుప్పు ఉంటే పట్టు మరింత తగ్గుతుంది. కళాయి సంగతి వేరు. పాత్రను తోమి, నిప్పులపై కాచి, నవసాగరం చల్లుతారు. వేడికి అది విడిపోయి వెలువడే హైడ్రోజను క్లోరైడు ఆక్సైడు పొరను తొలగిస్తుంది. 232 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగే తగరం అప్పుడు శుభ్రమైన లోహాన్నే తాకుతుంది. సరిహద్దున 6 రాగి పరమాణువులకు 5 తగరపు పరమాణువుల చొప్పున గల సమ్మేళనం పలుచగా ఏర్పడుతుంది. ఇక్కడ పూత కేవలం కప్పడంలేదు, కలిసిపోతున్నది.

ఉక్కుకు రాగిపూత వేసేవారికి ఈ భేదం బాగా తెలుసు. ఉక్కును నేరుగా మైలుతుత్తపు తొట్టిలో ముంచక, ముందు వేరొక ద్రావణంలో విద్యుత్తుతో పలుచని తొలిపొర వేస్తారు. గాజుపై బంగారం సరిగా నిలువదు. గాజులోని ఆక్సిజనుతో బంధం కలుపుకొనే క్రోమియమునో టైటానియమునో కొద్ది నానోమీటర్ల మందాన అడుగున వేస్తారు. భౌతికశాస్త్రంలో నీటికీ గాజుకూ మాత్రమే చెప్పి వదిలే అసంజన బలాల కథ ఇదే.

మరొక సంగతి. మెరుపు చూసి పూత మంచిదనుకొనే విద్యార్థి కళాయిలో సీసం కలిసినా గుర్తించలేడు. సీసం ఆహారంలోకి దిగితే విషం.

ఉపాధ్యాయులు చేయదగినది స్వల్పమే. ఒక మేకును గరుకు కాగితంతో రుద్ది కడిగించండి; మరొకదానికి నూనె రాయించండి. రెండింటినీ ఒకే ద్రావణంలో ముంచి, ఆరిన తరువాత అతుకు టేపు అంటించి లాగమనండి. ఏ టేపుకు ఎంత రాగి వచ్చినదో పిల్లలే చూచి, కారణం వారే వెదకాలి. సమీకరణం ఆ తరువాత వ్రాయించవచ్చును.