మూలమూ వ్యాఖ్యా: లాటెక్ ఆదేశాల పఠనపద్ధతి – విమర్శ

వ్యాససంగ్రహం: అక్షరకూర్పు వ్యవస్థ అయిన లాటెక్‌లో ఒక ఆదేశపు ప్రయోజనం, నిర్వచనం, ఆ నిర్వచనానికి కారణం వేరువేరు చోట్ల లభిస్తాయి. ఈ ఎడబాటును మూల–వ్యాఖ్యాన సంబంధం దృష్ట్యా పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: టెక్, లాటెక్, ఆదేశం, మూలం, వ్యాఖ్య.

1. ఉపోద్ఘాతం

కావ్యాన్ని వ్యాఖ్యతో కలిపి చదవడం మన పండితపరంపర. నిరాధారమైనదేదీ రాయనని ప్రతిజ్ఞ చేసిన కోలాచల మల్లినాథసూరి ఆ పరంపరకు ప్రమాణం. టెక్ వ్యవస్థ నిర్మాత డొనాల్డ్ నూత్ ప్రోగ్రామును కూడా ఇలాగే చదవదగిన గ్రంథంగా భావించాడు. ఈ పద్ధతిని 1984లో ‘లిటరేట్ ప్రోగ్రామింగ్’ అనే వ్యాసంలో వివరించాడు. ఒకే ఫైలు నుండి ‘టాంగిల్’ యంత్రానికి పనికివచ్చే పాఠాన్ని, ‘వీవ్’ మనిషి చదివే పాఠాన్ని తీస్తాయి. 1986లో వెలువడిన ‘టెక్: ది ప్రోగ్రామ్’ దీని ఫలితమే.

2. వ్యాఖ్య తొలగిన మూలం

టెక్ మీద నిర్మితమైన లాటెక్ కూడా వ్యాఖ్యాసహితంగానే రచితం. అయితే ‘డాక్‌స్ట్రిప్’ వ్యాఖ్యను తొలగించిన ఫైళ్లనే యంత్రం చదువుతుంది. వెతికేవారికి ముందుగా దొరికేవీ అవే.

‘సెక్షన్’ ఆదేశం ఇందుకు మంచి ఉదాహరణ. అది శీర్షికను ఇస్తుందని వాడుకరి గ్రంథాలు చెబుతాయి. ‘ఆర్టికల్’ క్లాస్ ఫైలులో దాని నిర్వచనం ఉంది. అక్కడ శీర్షికకు పైన విడవవలసిన ఖాళీ కొలత –3.5 ఎక్స్ అని కనిపిస్తుంది. ఖాళీ స్థలం ఋణసంఖ్య ఎలా అవుతుంది? దాన్ని పొరపాటుగా భావించి ఋణచిహ్నాన్ని తొలగించిన పరిశోధకునికి ఖాళీ మారదు. కాని శీర్షిక తరువాతి మొదటి పేరా లోపలికి జరుగుతుంది. కొలతకు సంఖ్య, పేరా జరపకుండా ఉండడానికి చిహ్నం అన్న సంకేతం వ్యాఖ్యాసహిత మూలమైన ‘సోర్స్‌టూఈ’లో స్పష్టమవుతుంది. ‘టెక్స్‌డాక్’ ఆదేశానికి ఆ పేరు ఇస్తే గ్రంథం తెరుచుకుంటుంది.

3. పాఠాంతర సమస్య

మూలాన్ని చూసినా పని పూర్తి కాదు. ‘టైటిల్‌సెక్’ వంటి ప్యాకేజీ అదే ఆదేశాన్ని తిరిగి నిర్వచిస్తుంది. అప్పుడు క్లాస్ ఫైలులోని పాఠం అమలులో ఉండదు. పత్రంలో ఆ సమయానికి అమలులో ఉన్న అర్థాన్ని ‘షో’ ఆదేశం తెలుపుతుంది. అది కూడా ఒక పొరనే విప్పుతుంది. లోపల మరొక ఆదేశం ఉంటే దాన్ని విడిగా అడగాలి. ఏ ఫైలు వాడుకలో ఉందో ‘కేపీఎస్‌ఈవిచ్’ చూపుతుంది.

4. విమర్శ

నూత్ పద్ధతిలో రచయిత పాఠకుని అవగాహనకు తగిన క్రమంలో ప్రోగ్రాము భాగాలను అమర్చగలడు. ‘డాక్‌స్ట్రిప్’కు ఆ వెసులుబాటు లేదు, వ్యాఖ్య యంత్రక్రమాన్నే అనుసరించాలి. అందువల్ల ‘సోర్స్‌టూఈ’ సంప్రదింపు గ్రంథంగా సమర్థమైనదే అయినా, ఆద్యంతం చదువుకొనే గ్రంథం కాలేకపోయింది.

5. ముగింపు

ప్రయోజనానికి వాడుకరి గ్రంథం, అమలులోని అర్థానికి ‘షో’, కారణానికి వ్యాఖ్యాసహిత మూలం ప్రమాణాలు. వీటిలో ఒక్కదానినే నమ్మి సిద్ధాంతగ్రంథపు నమూనాఫైలును సవరించడం, ఒకే ప్రతిని ఆధారం చేసుకొని కావ్యాన్ని పరిష్కరించడం వంటిది. పాఠపరిష్కరణలో శిక్షణ పొందిన తెలుగు పరిశోధకునికి ఈ జాగ్రత్త కొత్తది కాదు. దాన్ని ఇక్కడికి విస్తరించుకోవడమే కర్తవ్యం.