కచ్చులూరు లోతుల్లో ధర్మాడి సత్యం పనితనం

2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట బోటు మునిగింది. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు అది. ఎక్కింది 77 మంది, ప్రాణాలతో బయటపడింది 26 మంది. వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచి కలిసి వెళ్లిన బంధుమిత్రుల్లో సగానికి పైగా తిరిగి రాలేదు. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కుల వరద. పైగా అక్కడ గోదావరి కొండల నడుమ ఇరుకై, సుడులు తిరుగుతూ పోతుంది.

ఎన్డీఆర్ఎఫ్ వచ్చింది, నేవీ వచ్చింది. సోనార్ పెట్టి చూస్తే బోటు 200 అడుగులకు పైన లోతులో ఉందని తేలింది. వాదన అక్కడే మొదలైంది. ఇంతమంది డైవర్లున్నారు, ఒక్కరైనా దిగరేం? శవాల కోసం ఒడ్డున కూర్చున్న కుటుంబాలు ఆ మాట అనడంలో తప్పులేదు. దిగకూడదన్నవాళ్లదీ పిరికితనం కాదు.

200 అడుగులంటే 60 మీటర్లు. అక్కడ మనిషి మీద పడే ఒత్తిడి పైనున్నదానికి 7 రెట్లు. పీల్చే గాలీ 7 రెట్లు ఖర్చవుతుంది. ఒడ్డున 2 గంటలు వచ్చే సిలిండర్ ఆ లోతులో పావుగంట దాటితే ఎక్కువ. అంత ఒత్తిడిలో మామూలు గాలిలోని నత్రజనే మత్తు ఎక్కిస్తుంది. చేతిలో ఉన్న ముడి ఎటు తిప్పాలో తోచదు. గబగబా పైకి వస్తే రక్తంలో బుడగలు కడతాయి. వీటన్నిటికీ తోడు అక్కడ బురద నీళ్లు, సుడులు.

ఈ లోతు దగ్గర ప్రపంచంలోని టెక్నికల్ డైవర్లకే ఏకాభిప్రాయం లేదు. బ్రెట్ గిలియమ్ అనే డైవర్ 1990లో మామూలు గాలితోనే 452 అడుగులు దిగి వచ్చాడు. సాధన ఉంటే గాలి చాలని నమ్మిన తరం అది. 30 మీటర్లు దాటితే పీల్చే వాయువులో హీలియం కలపందే దిగొద్దని జీయూఈ వంటి డైవింగ్ శిక్షణ సంస్థలు కచ్చితంగా చెబుతాయి. గాలితోనే 55 మీటర్ల దాకా నేర్పే కోర్సులూ ఉన్నాయి. నా మాట అడిగితే హీలియం వాళ్ల పక్షమే. 1939లో అమెరికా జలాంతర్గామి స్క్వాలస్ 240 అడుగుల లోతున మునిగినప్పుడు, గాలి పీల్చుతూ దిగిన డైవర్ల బుద్ధి మందగించింది. హీలియం కలిపిన వాయువుతో దిగాకే పని కుదుటపడింది. కచ్చులూరు లోతూ దాదాపు అంతే. కానీ స్క్వాలస్ పడింది సముద్రంలో. ఇక్కడ ఉన్నది వరద గోదావరి. సిలిండర్లో ఏ వాయువు నింపినా ఆ ప్రవాహం ఆగదు.

కాకినాడ బాలాజీ మెరైన్స్ ధర్మాడి సత్యం గొప్పతనం ఇక్కడుంది. మనిషిని దించే ప్రశ్నను ఆయన పక్కన పెట్టి, ముందు తాడును దించారు. ప్రభుత్వంతో దాదాపు 23 లక్షలకు ఒప్పందం చేసుకొని సెప్టెంబర్ నెలాఖరున పనిలోకి దిగారు. పంటు మీద నుంచి వందల మీటర్ల ఇనుప తాడును బోటు ఉన్న చోటును చుట్టేలా నీళ్లలోకి వదిలారు. తాడు రెండు కొసలనూ ఒడ్డుకు తెచ్చి ప్రొక్లెయిన్‌తో లాగించారు. మన కోస్తా మత్స్యకారులు ఒడ్డున నిలబడి అలివి వల లాగే తీరే ఇది. కాకపోతే ఇక్కడ వల లేదు, వట్టి అంచు తాడే.

ఈ పనిలో కళ్లకు కనిపించేదేమీ లేదు. తాడు బిగిసే తీరును బట్టే అడుగున ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. రాయికి తగిలిందా, ఇసుకలో దిగబడిందా, బోటును పట్టిందా? రాయిని పట్టిన తాడును గుంజితే తెగుతుంది. నిజంగానే ఒకసారి తెగి నదిలోనే ఉండిపోయింది. వరద పెరిగితే పని ఆపారు, తగ్గగానే మళ్లీ తాడు వేశారు. లంగర్లు కట్టి గాలించారు. అక్టోబర్ మూడో వారంలో లంగరుకు బోటు రెయిలింగ్ ఊడి వచ్చింది. చేతికి దొరికింది విరిగిన ఇనుప ముక్కే అయినా, తాడు పడుతున్నది సరైన చోటేనని అది రుజువు చేసింది.

అలా కొంచెం కొంచెంగా బోటు ఒడ్డు వైపు, తక్కువ లోతుకు జరిగింది. అప్పుడుగానీ మనుషులు దిగలేదు. విశాఖ నుంచి వచ్చిన ఓం శివశక్తి అండర్ వాటర్ సర్వీసెస్ డైవర్లు మునిగి, బురదలో తడుముకుంటూ బోటు ఎలా ఉందో చూసి వచ్చారు, తాళ్లు తగిలించారు. అది తాడు ఒక్కటే చేయలేని పని. చేతి స్పర్శ కావాలి. అక్టోబర్ 22న, మునిగిన 38వ రోజున, ఇసుక, బురద నిండిన బోటు నీళ్ల పైకి వచ్చింది.

నేను మెచ్చేది ఈ వరుసనే. లోతు పని ఇనుముకు, ఒడుపు పని మనిషికి. దిగాలా వద్దా అన్న తగవుకు సత్యం మాటలతో జవాబు చెప్పలేదు. మనిషి దిగగల లోతుకు బోటునే తెచ్చారు. ఇందులో హీలియం లేదు, ప్రొక్లెయిన్‌ను మించిన యంత్రం లేదు. ఉన్నదల్లా తాడు బిగువు తెలిసిన చేతులు, ఆగాల్సినప్పుడు ఆగగల ఓర్పు.

మా నారాయణఖేడ్ వైపు మంజీరా ఉంది, సింగూరు ప్రాజెక్టు ఉంది, లోతైన బావులున్నాయి. ఎవరైనా మునిగితే మొదట పిలిచేది గజ ఈతగాళ్లనే. వాళ్లు సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి దిగుతారు. ఎంత లోతు దాటితే దిగకూడదో, అప్పుడు తాడు, లంగరు ఎలా వేయాలో వాళ్లకు చెప్పేవారెవరు? సత్యం బృందం పనిని మెట్టు మెట్టుగా రాసి, బొమ్మలు గీసి, జిల్లాకొక శిక్షణ పెట్టాలని అగ్నిమాపక శాఖను, మత్స్యశాఖను కోరుతున్నాను. ఆ పని చేసిన మనుషులు మన మధ్య ఉండగానే అది జరగాలి.