చంద్రి పాత్రలో స్నేహలతారెడ్డి

రాష్ట్రేతరాంధ్రుల కళాసేవను గూర్చి వ్రాయువారు సాధారణముగా తెలుగు భాషలో వెలసిన కృతులనే లెక్కింతురు. మదరాసులో ఎవ రెన్ని తెలుగు నాటకము లాడిరి, బెంగుళూరులో ఎన్ని తెలుగు సమాజములు నెలకొన్నవి అను పట్టికలు ఇట్టి సంచికలలో తరచుగా కనబడును. అవి అవసరములే. కాని ఆ పట్టికలలో ఇమడని కళాకారులు కొందరున్నారు. వారు పుట్టిన యింటి భాష, మెట్టిన నాటి భాష, ఎక్కిన రంగస్థలపు భాష వేరువేరు. అట్టివారిలో శ్రీమతి స్నేహలతారెడ్డి (1932-1977) ముఖ్యురాలు. ఆమె పేరు నిలిపిన నాటకరంగము ఆంగ్లము, చలనచిత్రము కన్నడము. 1970 నాటి ‘సంస్కార’ చిత్రమున ఆమె ధరించిన చంద్రి పాత్రను పరిశీలించి, ఆ కళకు మన చరిత్రలో స్థానమెక్కడ అని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మదరాసులో 1955లో ఏర్పడిన ‘మద్రాస్ ప్లేయర్స్’ అను నాటక బృందమును స్థాపించిన వారిలో స్నేహలత యొకరు. అది వృత్తి నాటక సమాజము కాదు. ఉద్యోగములు, వ్యాపకములు గలవారు సాయంకాలములందు కూడి, ఇబ్సెన్, షేక్స్పియర్, టెన్నెసీ విలియమ్స్ మొదలగువారి నాటకములను ఆంగ్లమున ప్రదర్శించుచుండెడివారు. టిక్కెట్ల రాబడిపై బ్రతుకవలసిన అగత్యము లేనందున, ఏ నాటకము నాడవలెనో వారే నిర్ణయించుకొనగలిగిరి. ఆ స్వాతంత్ర్యమే ఆ బృందమునకు బలము. పెద్ద నగరమున చిన్న వర్గమునకే అది పరిచితమై యుండుట దాని పరిమితి. శ్రీ గిరీశ్ కర్నాడు మదరాసున ఒక ప్రచురణ సంస్థలో పనిచేయుచు ఈ బృందముతో చేరినవారే. ‘సంస్కార’ కన్నడ చిత్రమే యైనను, దాని మొలక మదరాసు నాటకరంగమున లేచినదని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

ఈ మొలకకు నీరుపోసినవారు ఆమె భర్త శ్రీ తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. నెల్లూరువారు, 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ వెలువరించి తెలుగు కవిత్వమున కలకలము రేపిన ‘పట్టాభి’గా మనకు చిరపరిచితులు. శ్రీ కె.వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ (1958), ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ (1963) చిత్రముల నిర్మాణముతో వారికి సంబంధము కలదు. అనగా పెద్ద తారలతో, పెద్ద పెట్టుబడులతో సాగు తెలుగు చిత్రవ్యాపారమును వారు లోపలినుండి ఎరుగుదురు. ఎరిగియే, తాము స్వయముగా దర్శకత్వము వహింప బూనినపుడు వేరు త్రోవ త్రొక్కిరి. శ్రీ యు.ఆర్. అనంతమూర్తి 1965లో ప్రకటించిన కన్నడ నవలను చేపట్టిరి. చిత్రానువాదము కర్నాడుగారిది, ఛాయాగ్రహణము ఆస్ట్రేలియా దేశీయుడైన టామ్ కోవన్‌ది, కళాదర్శకత్వము చోళమండల చిత్రకారుల గ్రామమునకు చెందిన శ్రీ ఎస్.జి. వాసుదేవ్‌ది, సంగీతము సరోద్ విద్వాంసుడు శ్రీ రాజీవ్ తారానాథ్‌ది.

కథ మలెనాటి సీమలో దుర్వాసపురమను మాధ్వ అగ్రహారమున జరుగును. ఆచారముల నన్నిటిని ధిక్కరించి, చంద్రియను వేశ్యతో కాపురముండిన నారణప్ప ప్లేగు సోకి మరణించును. అతడు బ్రాహ్మణుడే, కాని భ్రష్టుడు. శవసంస్కారము చేయుటకు ఎవ్వరును ముందునకు రారు. శవము లేవనిదే ఎవ్వరును భుజింపరాదు. చంద్రి తన నగలను ఒలిచి ఖర్చులకై పెట్టును. బంగారము కనబడగానే శాస్త్రచర్చ రంగు మారును. శాస్త్రములు శోధించినను సమాధానము దొరకక, మారుతి గుడిలో వేచియున్నను దైవాజ్ఞ లభింపక మరలివచ్చు ప్రాణేశాచార్యులకు అడవిలో చంద్రి ఎదురగును. ఆ రాత్రి వారి కలయిక ఆచార్యుని జీవితమును తలక్రిందులు చేయును. శవమునకు గతి కల్పించినది కూడ చంద్రియే. ఒక ముస్లిము వర్తకుని సహాయమున రాత్రికి రాత్రి దహనము జరిపించి ఊరు విడిచిపోవును. పండితులు తేల్చలేని సమస్యను శాస్త్ర మెరుగని స్త్రీ తీర్చినది. ఆ సంగతి పండితులకు తెలియనే తెలియదు.

ఈ పాత్రలో నటికి గల కష్టమును గమనింపవలెను. నవలలో చంద్రి మనస్సున మెదలు తలపులను రచయిత మనకు చెప్పగలడు. చిత్రమున ఆ వసతి లేదు. చంద్రికి సంభాషణలు కూడ స్వల్పము. చుట్టునున్న పురుషులందరు మాటలాడుచుందురు: వాదింతురు, శాపములు పెట్టుదురు, శ్లోకములు ఉటంకింతురు. చంద్రి మాత్రము గడపకవతల నిలిచి వినుచుండును. స్నేహలత పదునైదేండ్లు సాధన చేసిన ఆంగ్ల నాటకరంగమున నటుని ప్రధానాయుధము వాక్కు. ఇచ్చట ఆమె ఆ ఆయుధమును క్రింద బెట్టి, దేహముతోను, చూపుతోను, ఓర్పుతోను పాత్రను నిలుపవలసి వచ్చినది. నిలిపినది. వేశ్య పాత్ర యనగానే మన చలనచిత్రములు అలవాటుపడిన హావభావములుగాని, పతిత పాత్ర యనగానే పెల్లుబుకు కన్నీటి ప్రవాహముగాని ఆమె దరిజేరనీయలేదు. చంద్రి యెడ మనకు జాలి కలుగదు, గౌరవము కలుగును. ఆ గౌరవమే కథకు ఇరుసు. చంద్రి కేవలము ప్రలోభముగా కనబడియుండిన, ఆచార్యుని కథ విశ్వామిత్ర మేనకల పాత కథయే అయ్యెడిది.

లోపము లేదనలేము. స్నేహలత ముఖమున సహజముగా గల నాగరిక గాంభీర్యము పాత్రకు ఔన్నత్యము నిచ్చినను, కొన్నియెడల కుందాపురపు వేశ్యకంటె విద్యావతియైన నగరాంగనను తలపించును. శరీరసుఖమును సిగ్గుపడక స్వీకరించు చంద్రి నవలలో కలదు. చిత్రమున ఆమెలోని ఆ మొరటు జీవకళ కొంత పలుచబడినది. చంద్రి నిష్క్రమించిన పిదప చిత్రము ఆచార్యుని సంచారముపైననే ఆధారపడును. ప్రేక్షకుని మనస్సు మాత్రము ఆమె పోయిన త్రోవనే చూచుచుండును. ఇది కథానిర్మాణమునుండి వచ్చిన చిక్కేగాని నటి దోషము కాదు. ఒక విధముగ ఆమె విజయమునకు నిదర్శనము.

చిత్రమునకు మొదట మదరాసు సెన్సారువారు అనుమతి నిరాకరించిరి. ఆ నిషేధము తొలగిన పిదప విడుదలయై, 1970వ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా జాతీయ బహుమానమును పొందినది. కన్నడమున ఆ గౌరవము నందిన మొదటి చిత్రమదియే. కన్నడ నవ్యచిత్రోద్యమమునకు అదియే నాంది యని కన్నడిగులే అంగీకరింతురు.

ఇచ్చట మనలను మనము ప్రశ్నించుకొనవలసిన విషయ మొకటి కలదు. తెలుగు కవి, తెలుగు చిత్రనిర్మాత, తన హృదయమునకు దగ్గరి చిత్రమును తెలుగున ఎందుకు తీయలేదు? తర్వాత వారు దర్శకత్వము వహించిన ‘చండమారుత’ (1977), ‘శృంగార మాస’ (1984), ‘దేవర కాడు’ (1993) సైతము కన్నడ చిత్రములే. కన్నడమున అప్పటికి నవ్యసాహిత్యము, ఔత్సాహిక నాటకరంగము చేయి కలిపినవి. నారణప్ప పాత్ర ధరించిన పి. లంకేశ్ స్వయముగా రచయిత. అట్టి కూడిక యున్నచోట తక్కువ ధనముతో చిత్రము తీయవచ్చును. తెలుగున మంచి నవలలు లేకపోలేదు, నటులు లేకపోలేదు. కాని రచయిత, రంగస్థలము, చిత్రము ఒకచోట కలిసికొను అరుగు మనకు కరవైనది. మన భాషలో అట్టి చిత్రములు వచ్చినపుడు, 1977లో ‘ఒక ఊరి కథ’ను శ్రీ మృణాల్ సేన్, 1980లో ప్రదర్శితమైన ‘మా భూమి’ని శ్రీ గౌతమ్ ఘోష్ నిర్దేశించిరి. కన్నడమున క్రొత్త త్రోవ వేసినవాడు తెలుగువాడు. తెలుగున త్రోవ చూపినవారు వంగీయులు. ఇందు సిగ్గుపడవలసినది లేదు, నేర్చుకొనవలసినది కలదు. కళ భాషాసరిహద్దులను దాటును. కాని తన ఊరిలో విత్తనము మొలచుటకు నేలను మాత్రము ఆ యూరివారే దున్నవలెను.

స్నేహలత చరమజీవితము అందరెరిగినదే. లోహియా భావములకు ఆకర్షితులైన ఆ దంపతులు అత్యవసర పరిస్థితిని వ్యతిరేకించిరి. 1976 మే మాసమున ఆమెను నిర్బంధించి బెంగుళూరు కారాగారమున ఉంచిరి. ఉబ్బసవ్యాధి ముదిరిన తర్వాత 1977 జనవరి 15న పెరోలుపై విడిచిరి. 20వ తేదీన ఆమె మరణించినది. కారాగారమున వ్రాసుకొనిన దినచర్య మరణానంతరము వెలువడినది. ఈ త్యాగము స్మరణీయము. కాని త్యాగమును స్మరించి కళను మరచుట ఆమెకు చేయు రెండవ అన్యాయము. నేడు ఆమె పేరెత్తువారిలో పెక్కురు కారాగారమును చెప్పి చాలింతురు. ‘సీత’ యను నాటకమును రచించిన రచయిత్రిని, బెంగుళూరు రంగస్థలమున నాటకములను నడపిన దర్శకురాలిని, చంద్రిని మరచెదరు.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనకు ఆమె కృషి ఒక సమాధానము నిచ్చుచున్నది. మెట్టిన సీమ భాషలో శ్రేష్ఠముగా పనిచేయుట మాతృభాషకు ద్రోహము కాదు. ఆ కృషిని తెలుగుగా మార్చి చెప్పుకొనవలసిన అవసరమును లేదు. ‘సంస్కార’ కన్నడిగుల సొత్తు. ఆ సొత్తులో మనవారి చేతిపని కలదని గుర్తించుట చాలును. మన సమాజములు సంవత్సరమున కొకమారైనను తెలుగు నాటకముతోపాటు ఇట్టి చిత్రమును ప్రదర్శించి, ఆయా భాషల మిత్రులను పిలిచి చర్చ జరిపిన యెడల, పట్టికలలో చోటు దొరకని కళాకారులకు మన మనస్సులలోనైన చోటు దొరకగలదు.