రాత్రి బెజవాడ: ప్రపంచీకరణ కథలో కనిపించని వర్గం

ప్రపంచీకరణను వస్తువుగా తీసుకున్న తెలుగు కథలో విమానాశ్రయం దాదాపు స్థిరమైన రంగస్థలం. పిల్లలు వెళ్లిపోతారు. ఊళ్లో వృద్ధులైన తల్లిదండ్రులు, తాళం పడిన మండువా ఇల్లు మిగులుతాయి. కొన్నేళ్లకు ఒక మరణవార్త, ఆలస్యంగా చేరిన సంతానం. వెళ్లినవారు రాసిన కథల్లో ఇదే వియోగం అవతలి ఒడ్డు నుంచి కనిపిస్తుంది. ఈ కథల నిజాయితీని శంకించనక్కర్లేదు. అయితే వియోగమే ప్రధానమైన చోట వర్గం మరుగున పడుతుంది. వెళ్లడానికి పెట్టుబడి ఎక్కడిది, వెళ్లినవారి శ్రమ అక్కడ అమ్ముడుపోవడానికి ఇక్కడ ఎవరు పనిచేస్తున్నారు అనే రెండు ప్రశ్నలూ కథకు బయటే ఉండిపోతాయి. కృష్ణా డెల్టా ఆధారంగా ఆ రెండింటినీ, ముఖ్యంగా రెండోదాన్ని, పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

మొదటి ప్రశ్నకు సామాజిక శాస్త్రవేత్తలు కొంత సమాధానం చెప్పారు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయిన తర్వాత వరిసాగు ఇచ్చిన మిగులు క్రమంగా వ్యాపారంలోకీ, చదువులోకీ ప్రవహించింది. కోస్తాంధ్ర రైతు పెట్టుబడిదారుల గురించి కెరోల్ ఉపాధ్య 1988లో రాసిన వ్యాసం ఈ పరిణామాన్నే చర్చించింది. కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల 1977లోనే ఏర్పడింది. ‘బాడీ షాపింగ్’ మీద షియాంగ్ బియావ్ 2007లో ప్రచురించిన గ్రంథం, సాఫ్ట్‌వేర్ ప్రయాణానికి వెనుక నిలిచిన ఆంధ్ర కట్నాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. చంద్రలత ‘రేగడి విత్తులు’ డెల్టా రైతు నేలను వెతుక్కుంటూ సాగిన వలసను చిత్రించిన నవల. అందులో వలసకూ పెట్టుబడికీ ఉన్న సంబంధం దాగలేదు. వలస సముద్రం దాటాక మాత్రం మన కథ ఆ లెక్క చూడటం మానేసింది.

రెండో ప్రశ్న మనల్ని బెజవాడ రాత్రిలోకి తీసుకువెళ్తుంది. గన్నవరం దారిలో కేసరపల్లి వద్ద కనిపించే ఐటీ భవనాలు ప్రపంచీకరణకు అందరూ గుర్తుపట్టే ముఖం. దానికి ఇంకో ముఖం ఉంది. నగరంలో వాణిజ్య భవనాల పై అంతస్తుల్లో, సాయంత్రం పొద్దుపోయాక దీపాలు వెలిగే చిన్న కార్యాలయాలు. అక్కడ పనిచేసేవారిని ‘యూఎస్ ఐటీ రిక్రూటర్’ అనీ, ‘బెంచ్ సేల్స్’ అనీ అంటారు. అమెరికాలో ప్రాజెక్టు లేక ‘బెంచి’ మీదున్న ఇంజనీరు రెజ్యూమేను మధ్యవర్తి సంస్థలకు పంపడం, గంట రేటు బేరమాడడం, ఇంటర్వ్యూ కుదర్చడం వీరి పని. ఆ ఇంజనీరు చాలాసార్లు తెలుగువాడే. అతని రేటు డాలర్లలో గంటకు. ఇతని జీతం రూపాయల్లో నెలకు.

ఇద్దరి చేతిలోనూ డిగ్రీ ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక భూమిలేని ఇళ్లకూ ఇంజనీరింగ్ పట్టా చేరింది. కానీ అమెరికాలో ఎం.ఎస్.కు ఆ పథకం వర్తించదు. ఏటా 65,000కూ, అక్కడ పై చదువు చదివినవారికి అదనంగా మరో 20,000కూ పరిమితమైన హెచ్-1బి వీసాల వరుసలో నిలబడాలంటే ముందు అమ్మడానికో తాకట్టుకో ఏదో ఒకటి ఉండాలి. కౌలు సాగు విస్తారంగా ఉన్న ఈ డెల్టాలో, తండ్రి ఎవరి పొలం కౌలుకు చేస్తున్నాడో ఆ ఇంటి అబ్బాయి రెజ్యూమేనే కొడుకు రాత్రిపూట అమ్మిపెట్టడం అసాధ్యమేమీ కాదు. ఈ ఒక్క అమరికలో ఒక నవలకు చాలినంత వస్తువు ఉంది. నా పఠనంలో అది ఇంకా ఎదురు కాలేదు.

దీన్ని పట్టుకునే సాధనాలు మనకు లేవనలేం. కొడవటిగంటి ‘చదువు’లో సుందరం కథ, మొదటి ప్రపంచయుద్ధం నుంచి ఆర్థికమాంద్యం దాకా సాగి, చదువుకూ ఉపాధికీ మధ్య లంకె ఎలా సడలిందో చూపింది. చదువును వ్యక్తిగత ప్రతిభగా కాక కుటుంబం పెట్టిన పెట్టుబడిగా చూడటం అందులోని బలం. పెద్దిభొట్ల సుబ్బరామయ్య బెజవాడ దిగువ మధ్యతరగతిని, చిరుద్యోగినీ నిరుద్యోగినీ, దశాబ్దాల పాటు రాశారు. ఓటమిని ఉద్వేగం పెంచకుండా చెప్పడం ఆయన పద్ధతి. అయితే ఆయన పాత్రల యజమాని అదే ఊళ్లో ఉంటాడు, కనిపిస్తాడు. రాత్రి ఉద్యోగి యజమాని ఒక గొంతు మాత్రమే. కనుక పెద్దిభొట్ల శిల్పాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ వాడుకోలేం. విమర్శకులుగా మన బాధ్యత కూడా ఇందులో ఉంది. ‘డయాస్పోరా సాహిత్యం’ అని ఒక గది, ‘మధ్యతరగతి కథ’ అని మరో గది కట్టుకున్నాం. ఈ ఉద్యోగి రెండింటి మధ్య వసారాలో నిలబడ్డాడు.

భాష దగ్గర ఈ వర్గానుభవం మరింత స్పష్టమవుతుంది. మధ్యకోస్తా విద్యావంతుల వాడుక ఆధునిక ప్రమాణ భాషకు ఆధారమైందన్నది తెలిసిన విషయమే. పగలు ఆధిక్యం అనుభవించిన ఆ యాసే రాత్రి వదిలించుకోవలసిన లోపమవుతుంది. పేరు కూడా మారుతుంది: సుబ్బారావు ‘శామ్’ అవుతాడు. అవతల ఉన్నది తెలుగువాడని పోల్చుకున్నాక ఇంగ్లీషు సడలి “మీదే ఊరండీ?” అన్న ప్రశ్న వస్తుంది. ఆత్మీయంగా వినిపించే ఈ ప్రశ్నకు జవాబులో ఊరితోపాటు కులం, భూమి, తాహతు అన్నీ అంచనాకు వస్తాయి. ‘అండీ’ ఇరువైపులా నిలుస్తుందా, ఒకవైపు జారిపోతుందా అన్నది కథకుడు చెవియొగ్గి వినవలసిన చోటు. ఇంగ్లీషులో సమానులుగా నటించిన ఇద్దరు తెలుగులోకి రాగానే అసమానులు కావడం సంభాషణతోనే చూపగల విషయం; వ్యాఖ్యానం అక్కర్లేదు.

కాలం మరో శిల్ప సమస్య. అమెరికా తూర్పుతీరంలో ఉదయం తొమ్మిదంటే బెజవాడలో వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. నవంబరులో అక్కడ గడియారం ఒక గంట వెనక్కి తిప్పితే ఇక్కడ పని ముగిసే వేళ తెల్లవారుజామున రెండున్నర నుంచి మూడున్నరకు జరుగుతుంది. రాత్రి పనికి వెళ్లే ఆడపిల్ల విషయంలో ఆ గంట ఇంటిల్లిపాదికీ నిద్రలేని గంట. వియోగ కథలో కాలం సంవత్సరాల్లో నడిచింది, ఎదురుచూపుకు అది సరిపోయింది. ఇక్కడ ఎదురుచూసే తల్లికి బిడ్డ ప్రతి తెల్లవారుజామునా తిరిగి వస్తూనే ఉంది. వచ్చి, ఇల్లు మేల్కొనే వేళకు నిద్రపోతుంది.