బోదకాలు పరీక్షలో ఎర్రగీత: మోనోక్లోనల్ ప్రతిరక్షకములను ఎంతవరకు నమ్మవచ్చును?

జగిత్యాల జిల్లా బీర్పూరు మొదలు కోరుట్ల, సిరిసిల్ల వైపు గల పల్లెలలో బోదకాలు అనగా నేమో ఎవరికిని వివరింప నక్కరలేదు. ఉబ్బిన కాలు చాపుకొని అరుగుమీద కూర్చున్న ముసలివారిని చూడని పిల్లలు ఆ ప్రాంతమున అరుదు. పూర్వపు కరీంనగరు జిల్లా ఫైలేరియా గల జిల్లాలలో ఒకటి. ఈ వ్యాధికి కారణమైన ఉచెరేరియా బాంక్రాఫ్టి అను దారమువంటి పురుగు మనుష్యుని లింఫు నాళములలో కాపురముండి, కంటికి కనపడని పిల్లలను నెత్తురులోనికి వదలుచుండును. ఆ పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగి, రాత్రివేళ చర్మము దగ్గరి నెత్తురులోనికి వచ్చును. మురుగునీటిలో పెరుగు క్యూలెక్సు దోమ కుట్టు వేళయు అదే. అందుచేత ఆరోగ్యశాఖవారు పొద్దుపోయిన తరువాత ఇంటింటికి పోయి, నిద్రించువారిని లేపి, వ్రేలికొన పొడిచి నెత్తురుచుక్కను గాజుపలకపై పట్టుకొనుట ఆనవాయితీ అయినది.

ఈ నిద్రాభంగమును చాలవరకు తప్పించినది అరచేతిలో ఇమిడిపోవు ఒక చిన్న పట్టీ పరీక్ష. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన గారీ వైల్, ఆయన సహచరులు దీని అట్ట రూపమును 1997లో వివరించిరి. మెరుగుపడిన పట్టీ రూపము 2013లో వెలువడినది. దీనికి నెత్తురు పగలే తీయవచ్చును. 75 మైక్రోలీటర్ల నెత్తురు పట్టీపై వేసి పది నిమిషములు ఆగవలెను. ఒక్క గీత కనబడినచో పురుగు జాడ లేదనియు, రెండు గీతలు కనబడినచో కలదనియు చెప్పుదురు. పిల్లపురుగులకై ఈ పట్టీ వెదకదు. లింఫు నాళములలోని పెద్దపురుగులు విడుచు ఒక పదార్థమునకై వెదకును. కావుననే దీనికి రాత్రి పగలు అను భేదము లేదు.

ఈ గీతకు ఎంత పూచీ కలదో గమనింపవలెను. ఫైలేరియా గల జిల్లాలలో ఏటేట అందరిచేత మాత్రలు మింగించుచుండిరి. మన దేశములో ఈ సామూహిక కార్యక్రమము 2004లో పెద్దయెత్తున మొదలైనది. అందులోని ప్రధానమైన మందు డైఇథైల్ కార్బమజీన్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన బృందమే దీనిని 1947లో లోకమునకు తెలిపినది. మాత్రలు కనీసము ఐదు విడతలు సక్రమముగా మింగించిన తరువాత, ఇక ఆపవచ్చునా అని తేల్చుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన సర్వే ఒకటి కలదు. ఆరు, ఏడు సంవత్సరముల పిల్లల నెత్తురును, తరచుగా వారి పాఠశాలలోనే, ఈ పట్టీపై పరీక్షింతురు. క్యూలెక్సు దోమ వ్యాధిని మోయు ప్రాంతములలో రెండు గీతలు వచ్చిన పిల్లలు నూటికి ఇద్దరికంటె తక్కువయని లెక్కకు తేలినచో మాత్రలు ఆపుదురు, లేనిచో కొనసాగింతురు. ఒక జిల్లా ప్రజలందరి మందు విషయము ఒకటవ, రెండవ తరగతి పిల్లల పట్టీలపై కనబడు ఎర్రగీతపై ఆధారపడియున్నది. ఆ గీతను గీయునది ఒక మోనోక్లోనల్ ప్రతిరక్షకము. దాని పేరు ఎ.డి.12.

ప్రతిరక్షకమనగా శరీరము పరాయి పదార్థమును పట్టుకొనుటకై తయారుచేసికొను మాంసకృత్తు, అనగా ప్రోటీను. కుందేలుకో ఎలుకకో ఒక పదార్థమును సూదిమందుగా ఎక్కించినచో దాని నెత్తురులో పలు రకముల ప్రతిరక్షకములు పుట్టును. ఒక్కొక్క రకమును ఒక్కొక్క కణవంశము చేయును. అన్నియు కలిసియున్న ఆ ద్రవమును పాలిక్లోనల్ అందురు. 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు ఈ గుంపునుండి ఒక్కొక్క కణమును విడదీయు ఉపాయము కనుగొనిరి. ఎలుక ప్లీహములోని ప్రతిరక్షకకణము కొలదికాలములో చచ్చును. క్యాన్సరు కణమో, చావెరుగదు. ఈ రెంటిని కలిపి ఒక్కటిచేసిరి. ఆ సంకరకణము ఎడతెగక పెరుగుచు ఒకే రకపు ప్రతిరక్షకమును చేయుచుండును. 1984లో వారికి నీల్స్ యెర్నెతోబాటు నోబెల్ బహుమతి లభించినది. నేడు గర్భనిర్ధారణ పట్టీ మొదలు క్యాన్సరు మందుల వరకు ఈ పద్ధతి ఫలితములు విస్తరించినవి.

ఇంతవరకు పాఠ్యగ్రంథములు చెప్పు మాట సరియైనదే. చిక్కు ఆ తరువాతి వాక్యములో కలదు. తాళమునకు తాళపుచెవి వలె మోనోక్లోనల్ ప్రతిరక్షకము ఒకే ఒక ప్రోటీనును గుర్తించునని తరచుగా వ్రాయుదురు. విద్యార్థి ఈ వాక్యమును కంఠస్థము చేయును. కొంతకాలమునకు అతడే పరిశోధకుడై, మోనోక్లోనల్ అను ముద్ర గల సీసాను కొని, అది చూపిన మచ్చ తాను వెదకు ప్రోటీనేయని ప్రకటించును. ఉపమానము అందమైనదే గాని అందులో ఒక పొరపాటు దాగియున్నది. ప్రతిరక్షకము ప్రోటీను నంతటిని చూడదు. దాని ఉపరితలముపై ఒక చిన్న గుర్తును మాత్రమే పట్టును. మోనోక్లోనల్ అనగా పట్టు చేయి ఒక్కటియని అర్థము. ఆ గుర్తు లోకములో ఒక్కచోటనే కలదని అర్థము కాదు. బీర్పూరు సంతలో ఎర్ర తలపాగా గలవానిని పిలుచుకొని రమ్మని పంపినచో, పోయినవాడెంత నమ్మకస్థుడైనను, అక్కడ ఎర్ర తలపాగాలు నాలుగున్నచో అతనిదేమి తప్పు?

ఎ.డి.12 పట్టు గుర్తు ప్రోటీను గొలుసులోనిది కాదు. సుమారు 200 కిలోడాల్టనుల బరువుగల ఆ పురుగు పదార్థమునకు అంటియుండు చక్కెర గుత్తిలోనిది. బోదకాలు పదార్థమును పట్టుటకు పేరొందిన మరియొక మోనోక్లోనల్ ఓ.జి.4.సి.3. దానిని ఆస్ట్రేలియాలో మోర్, కోప్‌మన్ అనువారు 1990లో వర్ణించిరి. విచిత్రమేమనగా, దానిని పుట్టించుటకు వాడినది మనుష్యుని పురుగు కాదు. పశువులలో నుండు ఆంకోసెర్కా గిబ్సొని అను పురుగు. ఒక పురుగుకై పుట్టిన ప్రతిరక్షకము మరియొక పురుగును పట్టుచున్నది. మనకది మేలైనది. కాని రెండవదానిని పట్టినది మూడవదానిని పట్టదను హామీ ఎక్కడిది?

ఆ హామీ లేదని మధ్య ఆఫ్రికాలో తేలినది. కామెరూన్, కాంగో దేశముల అడవులలో లోవా లోవా అను కంటిపురుగు కలదు. బోదకాలు పురుగు లేని గ్రామములలో కూడ, నెత్తురులో లోవా పిల్లలు అధికముగా నున్నవారికి ఈ అట్టపై రెండవ గీత వచ్చుచున్నదని 2014, 2015లలో పరిశోధకులు ప్రకటించిరి. లేని బోదకాలు అచ్చటి పటములపై ఉన్నట్లు గుర్తింపబడి యుండవచ్చునని సందేహము కలిగినది. ఇది లెక్కల తగాదా మాత్రమే కాదు. లోవా పిల్లలు మిక్కుటముగా నున్నవారికి ఐవర్‌మెక్టిన్ మందిచ్చినచో మెదడుకు ప్రమాదము రావచ్చును. తప్పు గీతను నమ్మి తప్పు ఊరిలో మందు పంచినచో ప్రాణముమీదికి వచ్చును.

ఇట్లని ఆ పట్టీ పనికిరానిదనుట న్యాయము కాదు. భారతదేశములో లోవా లేదు. తెలంగాణములో ఎ.డి.12ను తికమకపెట్టగల బంధువు మనుష్యుల నెత్తురులో సాధారణముగా ఉండదు. అదే ప్రతిరక్షకము జగిత్యాలలో మంచి సాక్షి, కామెరూన్ అడవిలో అనుమానింపదగిన సాక్షి. ప్రతిరక్షకపు గుణము దానిలో మాత్రమే లేదు. దానిని ఎక్కడ, ఏ పదార్థముల నడుమ వాడుచున్నామో అందును కలదు. ఈ సంగతిని పాఠ్యగ్రంథములు వదలివేయుచున్నవి. వ్యాపారుల పట్టికలు సైతము దీనిని పైకి చెప్పవు.

పట్టీపై మొదటి గీతను గురించియు ఒక మాట చెప్పవలెను. అది ద్రవము సక్రమముగా ప్రవహించినదనియు, పట్టీ చెడిపోలేదనియు మాత్రమే తెలుపును. రెండవ గీత సత్యమని అది సాక్ష్యమియ్యదు. పది నిమిషములకు చూడవలసిన పట్టీని గంట తరువాత చూచినచో లేని గీతయు మసకగా కనబడవచ్చును. తరగతి గదిలో నలుబది మంది పిల్లలను వరుసగా పరీక్షించునప్పుడు గడియారము చూచు మనిషి ఒకరు వేరుగా ఉండుట ప్రతిరక్షకమెంత ముఖ్యమో అంత ముఖ్యము.

పరిశోధనశాలలలో ఈ తప్పే మరింత ఖరీదైన రూపమున జరుగుచున్నది. 1996లో స్వీడన్ దేశపు పరిశోధకులు ఈస్ట్రోజన్ గ్రాహకము బీటా అను ప్రోటీనును కనుగొనిరి. అది రొమ్ము క్యాన్సరులో కలదనియు, దానికొక పాత్ర కలదనియు అటుపిమ్మట అనేక వ్యాసములు వెలువడినవి. 2017లో స్వీడన్ నుండియే వెలువడిన ఒక పరిశీలనలో, ఈ ప్రోటీనుకై అమ్మబడు 13 ప్రతిరక్షకములను కఠినముగా పరీక్షించిరి. అన్ని పరీక్షలలోను నిలిచినది ఒక్కటియే. ఎక్కువమంది వాడుచుండిన ఒక మోనోక్లోనల్ కూడ ఆ పరీక్షలలో ఓడిపోయినది. నిలిచిన ఆ ఒక్కదానితో చూచినప్పుడు అండాశయము, వృషణము వంటి కొన్ని చోట్ల ఆ ప్రోటీను కనబడినది గాని రొమ్ములో కనబడలేదు. ఇరువది యేండ్ల శ్రమలో ఎంత భాగము ఎర్ర తలపాగాల వెంట పోయినదో!

ఇది ఒంటరి ఉదాహరణము కాదు. కెనడాలోని మాంట్రియల్ కేంద్రముగా సాగిన పనిలో 65 ప్రోటీనులకై అమ్మబడు 614 ప్రతిరక్షకములను పరీక్షించి 2023లో ఫలితములు ప్రకటించిరి. వారి ఉపాయము సరళమైనది. ఒక కణములో ఆ ప్రోటీనును చేయు జన్యువును తీసివేయుదురు. ప్రతిరక్షకము నిజమైనదైనచో మామూలు కణములో మచ్చ చూపి, జన్యువు లేని కణములో చూపరాదు. రెంటిలోను చూపినచో అది మరిదేనినో పట్టుచున్నది. ఈ చిన్న ప్రశ్నకు నిలువలేని సీసాలు చాలనే తేలినవి. కొన్నిటిని అమ్మకపుదారులు విపణినుండి తీసివేసిరి. సంకరకణములనుండి వచ్చిన మోనోక్లోనల్ కంటె, జన్యుక్రమము తెలిసికొని వేరే కణములలో చేయించిన రీకాంబినంట్ ప్రతిరక్షకములు సగటున మెరుగని కూడ తేలినది. దీనికి ఒక కారణమును 2018 నాటి మరియొక పరిశీలన సూచించుచున్నది: 185 సంకరకణవంశములను విప్పి చూడగా సుమారు మూడవ వంతులో అదనపు ప్రతిరక్షక గొలుసులు కూడ తయారగుచున్నట్లు కనబడినది. ఒకే చేయి అనుకొన్నచోట రెండవ చేయియు కలదన్నమాట.

2016లో ఒక అంతర్జాతీయ బృందము ప్రతిరక్షకములను సరిచూచుటకు ఐదు మార్గములు ప్రతిపాదించినది. జన్యువును తీసి చూచుట. ప్రతిరక్షకము లేని వేరొక పద్ధతితో పోల్చుట. అదే ప్రోటీనులో వేరొక గుర్తును పట్టు రెండవ ప్రతిరక్షకముతో పోల్చుట. ప్రోటీనుకు ఒక తోకను తగిలించి చూచుట. పట్టిన పదార్థమును తూచి గుర్తించుట. ఈ ప్రతిపాదన మెచ్చదగినదే. ఐనను ఐదు మార్గములును సమానబలము గలవి కావు. రెండవ ప్రతిరక్షకముతో పోల్చుట చౌకయు సులభమును గనుక దానినే ఎక్కువమంది ఎన్నుకొనుదురు. ఆ రెండును ఒకే గుర్తును, ముఖ్యముగా ఒకే చక్కెర గుత్తిని పట్టునవైనచో, ఇద్దరు సాక్షులు ఒకే అబద్ధమును చెప్పినట్లగును. జన్యువును తీసి చూచుట బలమైనది, కాని మన కళాశాలలలో ఎన్నిటికి అంత వసతి కలదు?

వసతి లేనివారు చేయగలిగినది కూడ కొంత కలదు. ప్రోటీనును సబ్బువంటి రసాయనముతో కాచి, గొలుసును విప్పి, జిగురుపలకలో పరుగెత్తించి చూచు బ్లాటింగ్ పద్ధతిలో పనిచేసిన ప్రతిరక్షకము, మడతలు చెడని ప్రోటీనును కణములోనే చూచునప్పుడు పనిచేయకపోవచ్చును. మడతలో ఏర్పడిన గుర్తు విప్పగానే మాయమగును; మడతలో దాగిన గుర్తు విప్పగానే బయటపడును. ఓ.జి.4.సి.3 పరీక్షలో సీరమును మరిగించిన తరువాతనే చూతురు. చక్కెర గుర్తు వేడికి చెడదు గనుక అది చెల్లినది. ప్రతిదానికి అది చెల్లదు. కనుక ఏ పనికి సరిచూచిరో ఆ పనికే కొనవలెను. ఆ ప్రోటీను ఉండదని ముందే తెలిసిన కణజాలమును ప్రక్కన పెట్టి చూడవలెను. ఎన్ని వ్యాసములలో వాడిరన్న లెక్క గుణమునకు కొలత కాదు. ఈస్ట్రోజన్ గ్రాహకపు కథయే అందుకు నిదర్శనము. వ్యాసములో క్లోను పేరు, పట్టిక సంఖ్య, ఎంత పలుచన చేసిరో వ్రాయనివారి మచ్చను మరియొకరు సరిచూడలేరు.

ఉన్నత పాఠశాలలో ఈ విషయమును చూపుటకు పురుగును, బ్లాటింగును వెదకనక్కరలేదు. రక్తవర్గము తెలిసికొనుటకు వాడు నీలి, పసుపు, రంగులేని మూడు సీసాలు నేడు ఎక్కువగా మోనోక్లోనల్ ప్రతిరక్షకములే. నీలి, పసుపు సీసాలలోనివి ఎ, బి అను చక్కెర గుర్తులను పట్టును. మూడవదైన డి సీసాలోనిది ప్రోటీనును పట్టును. సీసాతో వచ్చు కాగితమును చదివించినచో అందులో క్లోను పేర్లు కనబడును. తరచుగా ఒక్కటి కాక రెండు మూడు క్లోనులను కలిపియుందురు. ఎందుకు కలిపిరని పిల్లలను అడుగవచ్చును. తరువాత నాలుగవ చుక్కగా నెత్తురులో ఉప్పునీరు మాత్రమే కలిపి, అందులో గడ్డ కట్టినచో మిగిలిన మూడు చుక్కలను గురించి ఏమి చెప్పగలరో వారినే ఆలోచింపనీయవలెను.