నిప్పురవ్వ ఎక్కడ ఆగింది?

మంచు మీద నడిచే బండి మొరాయించిందంటే సాధారణంగా రెండు కారణాలు: పెట్రోలు అందకపోవడం, లేదా కరెంటు అందకపోవడం. మొదటిదాన్ని వాసన చూసో, ప్లగ్గు తడి చూసో పట్టేయొచ్చు. రెండోది కంటికి కనపడదు. అలాస్కాలో, ఉత్తర కెనడాలో, మిన్నెసోటాలో, ఫిన్లండ్ ఉత్తరపు కొసన స్నోమొబైల్ మీదే వేటకూ, రెయిన్‌డీర్ మందల వెంటా, పక్క ఊరికీ వెళ్లే జనం ఆ కనపడని జబ్బును పట్టే పద్ధతి ఒకటి ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చారు. కంపెనీ మాన్యువల్లో ఉన్నది కొంతే. మిగతాదంతా షెడ్డులో పెద్దవాళ్ల పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకుంటూ నేర్చుకున్నది. స్పేర్ పార్టు మార్చే ముందు కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తేల్చుకోవాలన్నది ఆ చదువులో మొదటి పాఠం. నన్నడిగితే చివరి పాఠం కూడా అదే.

ఈ బండి పుట్టుకలోనే దారి మూసుకుపోయిన కథ ఒకటుంది. 1934 చలికాలంలో కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో, వాల్‌కూర్ అనే ఊళ్లో, జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ తన రెండేళ్ల కొడుకును ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. పిల్లాడికి వచ్చింది అపెండిసైటిస్, దారి నిండా మంచు. అప్పటికే మంచుబండ్ల మీద ప్రయోగాలు చేస్తున్న ఆయన మరింత పట్టుదలగా పనిచేసి 1937లో తన ట్రాక్ విధానానికి పేటెంటు తెచ్చుకున్నాడు. 1959లో స్కీ-డూ పేరుతో చిన్న బండి బయటికి వచ్చింది. 1968 ఏప్రిల్‌లో మిన్నెసోటాకు చెందిన ఇన్సూరెన్స్ ఏజెంటు రాల్ఫ్ ప్లేస్టెడ్ తన బృందంతో అలాంటి బండ్ల మీదే ఉత్తర ధ్రువం చేరాడు. ఫిన్లండ్‌లో స్కోల్ట్ సామీ ప్రజల జీవితాన్ని ఈ బండి ఎలా తలకిందులు చేసిందో పెర్ట్టి పెల్టో అనే మానవశాస్త్రవేత్త 1973లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. రెయిన్‌డీర్‌కి మేతా, తోలేవాడికి తెలివీ ఉంటే చాలు. స్నోమొబైల్‌కి మాత్రం మెకానిక్ కావాలి. ఆ మంచులో మెకానిక్ అంటే బండి మీద కూర్చున్నవాడే.

పాతకాలపు స్నోమొబైళ్లలో చాలావాటికి బ్యాటరీయే ఉండదు. తాడు లాగితే ఇంజిన్ కొసన ఉన్న ఫ్లైవీల్ తిరుగుతుంది. దాని అయస్కాంతాలు స్టేటర్ పళ్లెం మీది రాగి కాయిళ్ల చుట్టూ తిరగ్గానే కరెంటు పుడుతుంది. ఆ కాయిళ్లు తలా ఒక పని చేస్తాయి. ఒకటి సీడీఐ డబ్బాకు, అంటే కెపాసిటర్‌తో రవ్వ పుట్టించే డబ్బాకు, కరెంటు నింపుతుంది. చిన్నది ఇంకొకటి రవ్వ ఎప్పుడు పడాలో సైగ చేస్తుంది. మిగతావి లైట్లకూ, చేతులు కొంకర్లు పోకుండా కాపాడే హ్యాండిల్ హీటర్లకూ. డబ్బాలోని కెపాసిటర్ నిండి, సైగ అందగానే ఇగ్నిషన్ కాయిల్లోకి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. అక్కడ వేల వోల్టులై ప్లగ్గు కొనన దూకుతుంది. ఇందులో ఒక లాభం ఉంది. తాడు లాగినప్పుడు హెడ్‌లైటు మిణుక్కుమంటే ఫ్లైవీల్ అయస్కాంతాలు బాగున్నట్టే. జబ్బు ఇగ్నిషన్ వైపు ఉందని తేలి, వెతకాల్సిన దారి సగం అక్కడే తరిగిపోతుంది.

అనుభవం ఉన్నవాడు బానెట్ ఎత్తకముందే ఒక ప్రశ్న వేస్తాడు: బండి ఎలా ఆగింది? గొంతు పూడుకుపోయినట్టు గునుస్తూ, ఈడ్చుకుంటూ ఆగితే అనుమానం పెట్రోలు మీద. ఎవరో స్విచ్ నొక్కినట్టు టక్కున ఆగితే కరెంటు మీద. ఈ లెక్క ప్రతిసారీ నిజం కాకపోయినా చాలాసార్లు సరిపోతుంది. తర్వాత ప్లగ్గు విప్పుతారు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మండటం లేదు. పొడిగా ఉంటే అసలు పెట్రోలే రావడం లేదు. విప్పిన ప్లగ్గుని క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒళ్లు ఇంజిన్ హెడ్‌కి గట్టిగా ఆనించి తాడు లాగుతారు. మన ఊళ్లో టూ-స్ట్రోక్ బండి కిక్ కొట్టి చూసే పరీక్షే ఇది. నీలంగా, చిటుక్కున పడితే మంచిది. పసుపుగా, సన్నగా పడితే నమ్మకూడదు. ప్లగ్గు రంధ్రం నుంచి ఎగజిమ్మే పెట్రోలు ఆవిరికి ఆ రవ్వ అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి రెంటినీ దూరంగా ఉంచాలి. ప్లగ్గుని గాలిలో వేలాడదీసి తాడు లాగకూడదు. దూకడానికి చోటు దొరకని వోల్టేజీ వెనక్కి తిరిగి కాయిల్నీ, డబ్బానీ దెబ్బతీస్తుంది.

రవ్వ లేదని తేలాక నూటికి తొంభై మంది చూపు సీడీఐ డబ్బా మీద పడుతుంది. నల్లగా, మూసేసి, లోపల ఏముందో తెలియకుండా ఉంటుంది కాబట్టి నేరం దాని నెత్తిన వేయడం సులువు. ఖరీదు కూడా ఎక్కువే. నిజానికి మొదట అనుమానించాల్సింది ఆపే వైర్లని. పాత మాగ్నెటో బండ్లలో ఎక్కువ వాటికి ఆ సర్క్యూట్ ఎర్త్‌కి తగిలితే ఇంజిన్ ఆగుతుంది, విడిగా ఉంటే నడుస్తుంది. హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్, బండి మీంచి పడితే ఇంజిన్ ఆగేలా ఒంటికి తగిలించుకునే తాడు, తాళం చెవి, కొన్ని బండ్లలో యాక్సిలరేటర్ ఇరుక్కుంటే ఆపేసే స్విచ్, అన్నీ ఆ ఒక్క వైరు మీదే ఉంటాయి. వీటిలో ఏ ఒక్కదానిలో నీళ్లు చేరి మంచు కట్టినా, ఎక్కడ ఇన్సులేషన్ అరిగి ఫ్రేముకి తగిలినా రవ్వ మాయం. అందుకే డబ్బా దగ్గరి కప్లర్‌లో ఆ ఒక్క వైరు విడదీసి తాడు లాగుతారు. రవ్వ వచ్చిందా, డబ్బా నిర్దోషి. దోషి స్విచ్‌ల వైపు ఎక్కడో దాక్కుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఒక్క జాగ్రత్త: వైరు విడిగా ఉన్నప్పుడు ఇంజిన్ అంటుకుంటే స్విచ్‌తో ఆగదు. చోక్ లాగి పీక నొక్కాల్సిందే. కొత్త బండ్లలో, ముఖ్యంగా ఒంటికి తగిలించుకునే తాడులో గుప్త సంకేతం ఉన్న వాటిలో, ఈ కిటుకు పనిచేయదు. వాటి వైరింగు బొమ్మ చూడకుండా ఏదీ విప్పొద్దు.

అన్నిటికన్నా ఏడిపించే జబ్బు వేడి జబ్బు. బండి ఇంటి దగ్గర చక్కగా స్టార్ట్ అవుతుంది. అరగంట నడిచాక టక్కున ఆగుతుంది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. కార్బురేటర్ విప్పి కడిగినవాళ్లు, పెట్రోలు పంపు మార్చినవాళ్లు ఎందరో. చాలాసార్లు తప్పు స్టేటర్ కాయిల్‌ది. వెంట్రుకంత సన్నని రాగి తీగ ఎక్కడో లోలోపల తెగి, చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ తగిలే ఉంటాయి. వేడికి వ్యాకోచించగానే విడిపోతాయి. దీన్ని చల్లని బండిలో కొలిస్తే దొరకదు. ఆగిన క్షణంలోనే మల్టీమీటర్ పెట్టాలి, లేదంటే షెడ్డులో హెయిర్ డ్రయర్‌తో కాయిల్ని వేడి చేసి కొలవాలి. ఇక్కడో సూక్ష్మం ఉంది. మాన్యువల్లో ఇచ్చే ఓమ్‌ల లెక్క సాధారణంగా 20 డిగ్రీల వేడికి. రాగి నిరోధం ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం మారుతుంది. మాన్యువల్ ప్రకారం 100 ఓమ్‌లు చూపాల్సిన కాయిల్, మైనస్ 20లో ఉన్న షెడ్డులో దాదాపు 84 చూపుతుంది. అది తెలియక బంగారం లాంటి స్టేటర్‌ని చెత్తబుట్టలో వేసినవాళ్లున్నారు. చలికి మీటర్ లోపలి బ్యాటరీ కూడా నీరసిస్తుంది, తెర మీద అంకెలు మందగిస్తాయి. దాన్ని కోటు లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని, కొలిచేటప్పుడే బయటికి తీస్తారు.

లైట్ల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. బల్బులు వరసగా మాడుతుంటే కొత్త బల్బులు కొనడం ఆపి, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చూడాలి. ఇంజిన్ వేగం పెంచితే హెడ్‌లైటు కాంతి కూడా పెరుగుతూ పోతోందంటే రెగ్యులేటర్ తన పని చేయడం లేదు. చాలా బండ్లలో దానికి ఎర్త్ దొరికేది బిగించిన బోల్టు ద్వారానే. బోల్టు కింద తుప్పో, పెయింటో చేరితే బాగున్న రెగ్యులేటర్ కూడా చచ్చినట్టే. విప్పి, గీకి, మళ్లీ బిగించి అప్పుడు తీర్పు చెప్పాలి.

సెల్ఫ్ స్టార్టర్ ఉన్న బండ్లకు బ్యాటరీ గొడవ తప్పదు. నిండా చార్జి ఉన్నదానికి 12.6 వోల్టులకు పైనే ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే మైనస్ 50 చలికి కూడా గడ్డకట్టదు, ఖాళీ అయితే మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి పగులుతుంది. అయినా బ్యాటరీ కొసల దగ్గర కొలిచిన వోల్టేజీ చూసి సంబరపడకూడదు. స్టార్టర్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ ఈ కొసకూ ఆ కొసకూ మధ్య కొలవాలి. అక్కడ అర వోల్టు మించి చూపితే కరెంటును ఆ కేబులో, దాని కొసనున్న తుప్పో తినేస్తోంది. ఊరికే ఉన్న వైరు అబద్ధం చెబుతుంది. బరువు మోపితేనే నిజం బయటపడుతుంది.

ఇక వైర్లు. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ స్టీరింగ్ కడ్డీ దగ్గర వైర్ల కట్ట వంగుతుంది. ఒక సీజన్‌లో ఎన్ని వేలసార్లు వంగుతుందో ఊహించుకోండి. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. కళ్లతో చూస్తే దొరకదు. మీటర్‌ని బీప్ శబ్దం వచ్చే స్థానంలో పెట్టి, రెండు కొసలకూ తగిలించి, హ్యాండిల్ని ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా మెల్లగా తిప్పాలి. బీప్ ఆగిందంటే ఆ వంపులోనే ఎక్కడో తెగినట్టు. వేళ్లతో నొక్కితే వైరు ఆ ఒక్క అంగుళంలో మెత్తగా, ఎముక లేనట్టు వంగుతుంది. ఒకసారి తగిలిన వేళ్లు ఆ మెత్తదనాన్ని మళ్లీ మర్చిపోవు.

వేసవంతా షెడ్డులో ఉన్న బండికి ఇంకో శత్రువు ఎలుక. సీటు కింద గూడు పెట్టి, ఇన్సులేషన్ కొరుక్కుతింటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అనే సామెత ఇక్కడ అక్షరాలా జరుగుతుంది: డబ్బా మార్చి, కాయిల్ మార్చి, చివరికి సీటు ఎత్తితే బయటపడేది కొరికిన వైరు. కప్లర్లలో పూసే డైఎలెక్ట్రిక్ గ్రీజు మీద కూడా ఒక అపోహ ఉంది. అది కరెంటును మోయదు, తేమను రానివ్వదు, అంతే. తుప్పు మీద పూస్తే తుప్పును భద్రంగా దాచిపెట్టినట్టే.

ఇప్పటి బండ్లలో కంప్యూటర్ ఉంది, తప్పు జరిగితే కోడ్ చూపుతుంది. ఇంక ఈ పాత విద్య దేనికి అని కుర్రాళ్లు అడుగుతారు. ఫలానా సెన్సర్ వోల్టేజీ తక్కువ అని కోడ్ వస్తే, దానర్థం సెన్సరే పోయిందని కాదు, సెన్సర్‌లోనో, దాని నుంచి కంప్యూటర్‌కి వెళ్లే దారిలోనో ఎక్కడో తేడా ఉందని. సెన్సర్ మార్చి, మళ్లీ అదే కోడ్ చూసి తల పట్టుకునేవాళ్లకి కావాల్సింది పాత విద్యే. ఒక విషయంలో మాత్రం నేను పాతవాళ్లతో ఏకీభవించను. అడవిలోంచి ఇల్లు చేరడానికి రక్షణ స్విచ్ వైరు విడదీయడం వేరు, ఇంటికొచ్చాక కూడా దాన్ని అలాగే వదిలేయడం వేరు. యాక్సిలరేటర్ మంచుకి ఇరుక్కున్నప్పుడు ప్రాణం నిలిపేది ఆ స్విచ్చే.

మన దేశంలో స్నోమొబైల్ అనగానే గుల్‌మార్గ్‌లో పర్యాటకులు ఎక్కి తిరిగే బండి గుర్తొస్తుంది. సియాచిన్ లాంటి చోట్ల సైన్యం కూడా దాన్ని వాడుతుంది. చలిదేశాల్లో స్థిరపడి పాత బండి కొనాలనుకునే తెలుగువాళ్లూ ఉండొచ్చు. అలా కొనేవాళ్లకు ఒక మాట. అమ్మేవాడు మీరు వచ్చేసరికే ఇంజిన్ వేడి చేసి ఉంచితే, చల్లారేదాకా ఆగి మీరే స్టార్ట్ చేయండి. తర్వాత కనీసం అరగంట నడపండి. నిలిపి, ఇంజిన్ ఆడుతుండగా హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి, వేగం పెంచి హెడ్‌లైటు చూడండి, స్విచ్‌తో ఒకసారి, ఒంటికి తగిలించుకునే తాడు పీకి ఒకసారి ఆపి చూడండి. సీటు ఎత్తి వైర్లు చూడండి. ఇవన్నీ అయ్యాకే డబ్బు చేతికివ్వండి.